తొంభై మీటర్ల తాడు

టీవీలో హెలికాప్టర్ ఎగురుతూనే ఉంది.
పొద్దుటి నుంచీ అదే బొమ్మ, అదే మలుపు,
పొట్ట కింద ఎర్రక్షరాల్లో
ఎన్నో కోట్లు పరుగెడుతున్నాయి.
ఆ మోడల్ విశాఖ రాలేదు.
రెక్క కాదు గదా, మర మేకైనా రాలేదు.
వచ్చింది బొమ్మే.

ముప్పై ఒక్క ఏళ్లు నేవీ హ్యాంగర్లో
వించి ఫిట్టర్ని నేను.
పైలట్ల పేర్లు బోర్డు మీద తళతళలాడతాయి
నా పేరు లాగ్‌బుక్కులో ఓ పొట్టి గీత,
గవరయ్య అనుకుని చదివితే గవరయ్య.

నా పని తాడు చూడటం.
తొంభై మీటర్ల ఉక్కు తాడు, పెన్సిల్ కంటే సన్నం,
దాని కొసనే మనిషి వేలాడేది.
నూలు గుడ్డ చుట్టి మెల్లగా లాగాలి
పోగు తెగిన చోట గుడ్డ పట్టుకుంటుంది.
కన్ను మొహమాటపడుతుంది, గుడ్డకి మొహమాటం లేదు
అనేవాడు మా చార్జ్‌మన్ వర్గీసు.

తెర మీద ఒకాయన: తిన్నది మీరు.
రెండో ఆయన: టెండరు రాసింది మీ హయాంలో.
నడుమ ఆవిడ: క్లుప్తంగా చెప్పండి, టైము లేదు.
ఆ ఒక్క మాటా నిజం.

అప్పట్లో జగదాంబ సెంటర్లో
అట్టతో హెలికాప్టర్ చేసి కిరోసిన్ పోశారు వీళ్లు.
మర్నాడు అక్కడే, అంతే సైజుది, వాళ్లు.
ఇద్దరికీ అట్టలు పూర్ణా మార్కెట్ కొట్టువాడివే
అడ్వాన్సు తీసుకున్నాడు, రసీదు ఇచ్చాడు.
ఈ మొత్తం వ్యవహారంలో
రసీదున్న బేరం అదొక్కటే.

ఆ ఏడు అక్టోబరు తుపానుకి
భీమిలి అవతల ఇంజను చచ్చిపోయింది
సూరాడ మసేను బోటుకి.
ఏడుగురు.
వైర్‌లెస్‌లో గొంతు మూడుసార్లు వచ్చింది,
మూడోసారి మాట లేదు, హోరే.

హ్యాంగర్లో రెండు హెలికాప్టర్లు
రెండూ నాకంటే సీనియర్లు.
ఒకదానికి గేర్‌బాక్సు లేదు
పంపాల్సిన కంపెనీ పేరు నల్ల జాబితాలో ఉంది.
కొత్తవాటి ఫైలు ఢిల్లీలో తాళం కింద ఉంది.
రెండోదాని తాడు
నేనే చూశాను.
అరవై నాలుగో మీటరు దగ్గర
గుడ్డ పట్టుకుంది.

ఒక్క పోగు.
కొత్త తాడుకి ఇండెంటు రాసి పదకొండు నెలలు.
హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు పైలట్ కుర్రాడు
మీసం కూడా సరిగ్గా రాలేదు
"గవరయ్యగారూ, వెళ్లొచ్చా?"
బయట గాలికి షట్టర్లు కొట్టుకుంటున్నాయి.
నేను ఎర్ర సిరాతో సంతకం పెట్టాను.

తెల్లారి నలుగురు ఒడ్డుకొచ్చారు, ఒకే డ్రమ్ము పట్టుకుని.
మసేను లేడు ఆ నలుగురిలో.

ఎంక్వయిరీకి టైలు కట్టుకుని వచ్చారు.
లావాటి ఫైలు, ప్రతి కాగితం మీదా ఎవరిదో సంతకం
ఏదీ చదవడానికి రాదు.
నాది మటుకు కూడబలుక్కుని చదివారు.

ఫిషింగ్ హార్బర్లో మసేను వదిన పోలమ్మ
చేపలు తిరగేస్తూ అడిగింది. కోపంగా కాదు,
వాన గురించి అడిగినట్టు:
"అంత పెద్ద మిసను,
గుడ్డపేలిక్కి బయిపడిపోనాదేటి బావూ?"
రూలు చెప్పబోయాను.
నోటి దాకా వచ్చింది రూలు. ఆగింది.

పనికిరాదన్న తాడు తుక్కు వేలానికి వెళ్లింది.
ముక్కలుగా కోసి అమ్మారట.
ఒక ముక్క పోలమ్మ కొంది
రెండు గుంజల మధ్య బిగించి
సావడాయిలు ఆరేస్తుంది.

నడుమ ఓ చోట పసుపు పెయింటు చుక్క.
ఆవిడకి అది పెయింటే.
ఆ గుర్తు పెట్టింది నేను.

నాలుగేళ్లయింది.
ఎండా ఉప్పుగాలీ తింటూ
తడి చేపల బరువు మోస్తూ
తెగలేదు.

టీవీ కట్టేసి పొద్దుటే హార్బరుకి వెళ్తాను.
జేబులో నూలు గుడ్డ ఉంటుంది.
తాడు దాకా వెళ్తాను,
తియ్యను.