మూడో వరుస

ఉప్పల్ షోరూమ్‌లో ఆ బండి
పీటల మీద పెళ్ళికొడుకులా బిగుసుకుని నిలబడింది.
సుదర్శన్ టైరును కాలితో ఒక తన్ను తన్నాడు,
బండ్ల గురించి ఆయనకు తెలిసిన పరీక్ష అదొక్కటే.
మామయ్య డిక్కీలో తలపెట్టి
"బియ్యం బస్తా పడుతదా?" అన్నాడు.
"సీట్లు మడిస్తే నాలుగు పడతయి సార్,
లేపితే..." అని ఆగాడు అఫ్రోజ్.
లేపితే ఒక టిఫిన్ క్యారియర్, రెండు గొడుగులు.
అంటే మనుషులో, సామానో
ఏదో ఒకటి ఇంట్లో వదిలి రావాలి.

సీట్ల పంపకం ఇంటి దగ్గరే అయిపోయింది.
స్టీరింగు ఆయనకి, పక్కన మామయ్య,
మోకాలు మార్పించుకున్న అత్తమ్మకి మధ్య వరుసలో కిటికీ,
ఆనుకుని నేను, హవీష్.
వెనక చిన్నది, ప్రమీల వదినె.
అలా అని ఎవరూ అనలేదు కూడా.
పాత ఓమ్నీలోనూ అంతే,
కీసర పోయినా, బాసర పోయినా
"నేను ఎనకకు కూసుంటా తియ్" అని
కొంగు నడుముకి దోపి ఎక్కేసేది.
వెనక సీటే ఆమెకి ఇష్టమనుకున్నాం,
అడుగంటిన అన్నమే ఇష్టమంటే నమ్మినట్టు.

టెస్ట్ డ్రైవ్‌కి రమ్మంటే
"బండ్ల గురించి నాకేం తెలుస్తది" అని
నిద్రపోయిన చిన్నదాన్ని ఒళ్ళో వేసుకుని
సోఫాలోనే ఉండిపోయింది.
ఎందుకో నేను వెనక్కి ఎక్కాను.
నీళ్ళ సీసా అటు దొర్లింది, తీద్దామని, అంతే.
హవీష్ టక్కున సీటు వెనక్కి వేశాడు,
బండి కదిలింది.

మోకాళ్ళు గడ్డానికొచ్చాయి.
గంప కింది కోడిలా ఉన్నాను.
ముందు ఆరు స్పీకర్లలో పాట,
నా దాకా వచ్చింది దరువొక్కటే.
నెత్తి మీద ఏసీ రంధ్రం ఉంది, నిజమే,
టీ చల్లార్చడానికి ఊదినంత గాలి.
స్పీడ్ బ్రేకర్ వాళ్ళకి ఒకసారి, నాకు రెండుసార్లు.
మెట్రో పిల్లర్లు చెవి పక్కనుంచి ఒక్కొక్కటే వెనక్కి పోతుంటే
నాచారం మలుపులో తెలిసింది
కడుపులో కూడా ఒక మలుపు ఉంటుందని.

అద్దం దించుదామని బటన్ వెతికాను.
లేదు.
అక్కడి అద్దం దిగదు,
చూడ్డానికే కిటికీ.

అప్పుడు గుర్తొచ్చింది నిమ్మకాయ.

ప్రయాణమంటే చాలు, వదినె గుప్పిట్లో ఉండే నిమ్మకాయ.
దిష్టికి అనుకునేదాన్ని.
ఈ ఇంటికొచ్చి పదమూడేళ్ళు,
ఒక్కసారీ అడగలేదు.
బండి దిగగానే దాన్ని కొంగున ముడేసి
అందరికీ పులిహోర వడ్డించేది,
తనకు మాత్రం ఆకలి లేదనేది.

తిరిగొచ్చాక అందరూ దిగిపోయారు.
నేను దిగలేను, ముందు సీటు ఎవరో ఒకరు మడవాలి.
అఫ్రోజ్ మైలేజీ చెప్తున్నాడు,
సుదర్శన్ ఈఎమ్ఐ లెక్కలో ఉన్నాడు,
అత్తమ్మ మెట్టు ఎత్తుందని గొణుగుతోంది.
అద్దం మీద తట్టాను. మళ్ళీ తట్టాను.
వదినె ఒక్కతే లేచొచ్చింది,
చిన్నదాన్ని చంకనేసుకుని ఒంటిచేత్తో సీటు మడిచింది.
నా మొహం చూసి, ఎవరికీ వినపడకుండా
"కడుపుల తిప్పిందా?" అంది,
గుప్పిట తెరిచింది.

"ఇంకో రౌండు పోవాలె, నేను నడుపుతా" అన్నాను.
సుదర్శన్‌కి వెనక చూపించాను.
వదినె ముందు సీటు బెల్టు పట్టుకుని
"నాకెందుకు ముందు, డ్రైవింగ్ రాదు గద" అంది,
మామయ్యకేదో వచ్చినట్టు.
హబ్సిగూడ దాకా అద్దం దించింది, ఎక్కించింది,
మళ్ళీ దించింది.
దుమ్మొస్తోందని ఎవరూ అనలేదు.
బాగా వెనక నుంచి ఒక గొంతు మాత్రం
"ఏసీ పెంచుతరా" అని.

కొంటామో లేదో ఇంకా తేలలేదు.
సెల్లార్‌లో మా పిల్లరుకీ పక్కింటి బుల్లెట్‌కీ మధ్య
మామయ్య టేపు పట్టి కొలిచాడు,
బండే నాలుగంగుళాలు ఎక్కువ.
అఫ్రోజ్ రోజూ ఫోన్ చేస్తున్నాడు.
నిమ్మకాయ ఆ డ్యాష్‌బోర్డు మీదే మర్చిపోయిందట వదినె,
"పోనీ తియ్" అంటోంది.