నాలుగో పుల్ల

టెక్కలి కోర్టులో టైపు చెయ్యడం నా పని.
ఇన్నేళ్ళూ జరిగినవే టైపు చేశాను:
పగిలిన తల, తెంపిన గొలుసు, చెరిపేసిన గట్టు.
దండాసి కేసులో మొదటిసారి
జరగనిదాన్ని టైపు చెయ్యాల్సొచ్చింది.

మార్గశిరం. కళ్ళంలో గున్నయ్య వరికుప్ప.
మదుం దగ్గర నీటి తగువు వానాకాలం నాటిది,
పంట ఎండింది గానీ అది ఎండలేదు.
అర్ధరాత్రి దండాసి వెళ్ళాడు
సీసాలో కిరసనాయిలు, రొంటిన అగ్గిపెట్టి.

సీసా నింపుకున్నందుకు శిక్ష లేదట.
కళ్ళం దాకా నడిచినందుకూ లేదట.
డిఫెన్సు లాయరు సన్యాసిరావు గారు
ఆ దారంతా మమ్మల్ని మళ్ళీ నడిపించారు,
గెడ్డ దాటించారు, తాటితోపు దాటించారు,
కుప్పకి పదడుగుల దూరంలో ఆపి
"ఇక్కడి దాకా నేరం లేదు" అన్నారు.
మనసులో అనుకున్నదానికైతే అసలే లేదు.
బయట చింతచెట్టు కింద దండాసి తల్లి రాజులమ్మ
అడ్డపొగ పీలుస్తోంది,
నిప్పు లోపలికి పెట్టుకుని, పెదాలు మూసి.
అలా ఉన్నంతసేపూ కేసు లేదు.

పుల్ల గియ్యాలి.

మంచుకి నానిన పెట్టి.
మొదటి పుల్ల తల రాలిపోయింది.
రెండోది విరిగింది.
మూడోది గీసిన చోట ఎర్రటి మరక పెట్టి ఊరుకుంది.
నాలుగోది తీశాడు.
అప్పుడు, గడ్డిలోంచి దగ్గు.

గున్నయ్య కొడుకు, పదేళ్ళవాడు,
కాపలాకొచ్చి కుప్పలోనే గూడు చేసుకుని పడుకున్నాడు.

"గుంటడున్నాడని నాకు తెల్దు బాబూ.
ఆ దగ్గు ఇన్నాక సెయ్యాడనేదు.
పుల్ల ఒగ్గేసి గెడ్డ ఒడ్డుని కూకుండిపోనాను.
తెల్లారినాక ఆలే వొచ్చి అట్టుకున్నారు."
దీన్ని నేను కోర్టు భాషలోకి దించాను:
ముద్దాయి పారిపోవు ప్రయత్నము చేయలేదు.

ప్రాసిక్యూటరు లేచారు.
"మూడు పుల్లలు అంటుకోకపోవడం
మంచు మంచితనం. ముద్దాయిది కాదు."

తర్వాత గున్నయ్య బోనెక్కాడు.
ఏం కాలింది?
"ఏటీ కాల్నేదు."
గడ్డిపరకైనా?
"నేదు బాబూ."
మరి నీకు నష్టమేమిటి?
బోను కర్రని గోరుతో చాలాసేపు గీకాడు.
"ఎవులు బీడీ ముట్టించినా లెక్కెడతన్నాను.
ఒకటి. రెండు. మూడు."
ప్రశ్నకి సంబంధం లేదు, తీసెయ్యమన్నారు.
తీసేశాను.

కుప్ప తగలబెడితే ఏడేళ్ళ దాకా.
తగలబెట్టబోతే అందులో సగం దాకా.
సగం అని టైపు చేసి, ఒక్క నిమిషం ఆగాను.
కొబ్బరికాయని కొడితే సగం వస్తుంది,
కాలని కుప్పలో సగం ఎంత?
ఆ రాత్రిని ఎక్కడ పట్టుకుని కొట్టాలి?

దండాసికి పధ్నాలుగు నెలలు.
మూడు పుల్లలకి పేజీన్నర పట్టింది.
నాలుగో పుల్లకి ఒక్క వాక్యం,
అదీ "అయినప్పటికీ" తో మొదలైంది.

తీర్పు అయ్యాక అగ్గిపెట్టికి మళ్ళీ సీలు వెయ్యాలి.
లోపల ఇంకా ముప్పై పుల్లలున్నాయి, పాడైనవి.
లక్క కరగాలంటే నిప్పు కావాలి కదా.
బెంచి క్లర్కు తవిటయ్య తన జేబు తడుముకుని
సొంత పెట్టి తీశాడు.
ఒక్క గీతకే అంటుకుంది.

వెనక బెంచీలో గున్నయ్య
కొడుకు భుజం పట్టుకున్నాడు.
గుమ్మం దగ్గర దండాసి తిరిగి చూసి
నోరు సున్నాలా చుట్టాడు,
అంత దూరం నుంచే
ఊదబోయాడు.

కానిస్టేబులు చెయ్యి పట్టి లాగాడు.
లక్క బొట్టుబొట్టుగా పడింది.
ఇది మాత్రం ఎవరూ టైపు చెయ్యమనలేదు.