వాలేది, వాలనిది

సముద్రం ఇక్కడికి మూడొందల కిలోమీటర్ల పైమాటే.
కాజీపేటల రిటైరైన ఇద్దరం
దానికోసం రోజూ కొట్లాడుకుంటున్నం.

దావూద్ గూడ్సు గార్డు.
ముప్పయ్యొక్క ఏండ్లు బ్రేకు వ్యాన్ల ఊగి ఊగి
నడుం బొక్కలు అరిగినయి.
"ఇగ ఊగుడు నాతోని కాదు భాయ్.
రెండు పొట్టల పడవ కొందాం.
నడుమ మంచమంత జాగ.
సాసర్ల చాయ్ పోసిపెడితే తొణకొద్దు."

నేను డీజిల్ షెడ్డు ఫిట్టర్ను.
"వాలుడు తప్పెట్లయితది?
వంపు కాడ పట్టానే ఒక దిక్కు వాలిస్తం గద.
ఒంటి పడవ గాలికి తల వంచుతది,
అడుగున సీసం ఉంటది,
వంగినదాన్ని అదే మళ్ల నిలబెడ్తది."

"మరి మనం రెండు పట్టాల మీదనే గద బతికింది?"

దీనికి నా దగ్గర జవాబు లేదు.
ఆ పూట చాయ్ పైసలు నేనే ఇచ్చిన.

దావూద్ పాత డైరీల వెనుక పేజీలు మొత్తం లెక్కలే.
కాకినాడ నుంచి నిజాంపట్నం దాక ఒడ్డు పట్టుకొని పోతే
ఏటి మొగల్ల ఇసుక మేటలు;
జంట పడవ తొడలోతు నీళ్లల్ల నడుస్తది,
పోటు దిగితే పిల్లి లెక్క ఇసుక మీద కూసుంటది.
రేవుల నిలిపితే మాత్రం రెండింతల కిరాయి.
అండమాన్ దిక్కు లోపలికి పోతే
ఏడు రోజులు ఒడ్డు కనబడదు.
నడిరాత్రి అల మీద అల వస్తే
ఒంటిది పడ్తది, లేస్తది.
జంటది పడదు. పడ్డదంటే లేవదు.

ఆ లైను కింద రెండు గీతలు, నా పెన్నువి.
పక్కన దావూద్ చేతిరాత:
"లేవదు. మునగదు గూడ."

ఆషాఢం గాలి చూసుకొని వడ్డేపల్లి చెరువుకు పోయినం.
నాది మూరెడు టేకుచెక్క,
టైర్ల దుకాణంల ఏరుకొచ్చిన సీసం కరిగించి అడుగుకు బిగించిన.
ఆయనది రెండు పీవీసీ పైపులు, నడుమ పరీక్ష అట్ట,
తెరచాపకు మనుమరాలి చున్నీ ముక్క.
వాకింగుకొచ్చిన ఒకాయన ఆగి
"ఏ బడి ప్రాజెక్టు?" అని అడిగిండు.

జంటది సర్రున ఉరికింది.
సగం చెరువు దాటినంక ఒక కాలు గాలిల లేపింది,
అట్లనే బోర్ల పడ్డది.
దావూద్ దిక్కు చూడలేదు నేను.
నాది వాలింది, లేచింది, వాలింది, లేచింది.
మీసం మీదికి చెయ్యి పోయేలోపట
మర బిగించిన కాడ నీళ్లు చొచ్చినట్టున్నయి,
బుడుంగుమన్నది.
ఏ సీసం లేపిందో ఆ సీసమే గుంజుకపోయింది.

బోర్లపడ్డది మాత్రం గుర్రపుడెక్కల నడుమ
తాబేలు లెక్క పొద్దుగూకేదాక తేలింది.

ఇంటికి పోతే ఓదమ్మ చాపలు తోముతున్నది.
మహదేవపూర్ దిక్కు గోదారి ఒడ్డు పిల్ల;
వాళ్ల నాయిన దాటించే పని చేసెటోడు.
"ఎండకాలం ఒక్క దోనె. వరద వస్తే
రెండు దోనెలు బొంగులేసి కట్టి ఎడ్లను దాటిస్తుండె.
సంగడి అంటుండె దాన్ని."

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని
లోకమంతా చెప్తది. ఆయన కట్టి పెట్టిండు.

"కట్టు ఎట్ల కడుతుండె?"
"బిర్రుగ కట్టొద్దు అంటుండె.
వేలు దూరేంత సందు ఉండాలె.
లేకుంటే మొదటి అలకే బొంగు ఇరుగుతది."
పొలుసు చేత్తోనే మొఖం తుడుసుకొని
"అది గాదు గని, మీ ఇద్దర్ల ఈత ఎవ్వలికొచ్చు?"

తెల్లారి స్టేషన్ ఎదురుంగ అదే బెంచీ.
దావూద్ తడిసిన అట్ట ఎండకు పెట్టిండు.
సంగడి ముచ్చట చెప్పిన. ఇని
చున్నీ ముక్క పిండుకుంట చాలాసేపు ఊకున్నడు.
"సందు ఎంతన్నది? ఏ వేలు?"
"అడగలే."

మా ఇద్దరి నడుమ రెండు గ్లాసులు.
బల్లార్షా దిక్కు ఖాళీ బొగ్గు బండి పోతున్నది,
యాభై ఎనిమిది వ్యాగన్లు, ఆయన ఇంకా లెక్కపెడ్తడు.
బెంచీ వణికింది.
చాయ్ జరంత తొణికింది, రెండు గ్లాసులల్ల.
ఇద్దరం చూసినం.
ఎవ్వలం ఏమనలే.