బాతు బొమ్మ దగ్గర దిగు

"మిడత బొమ్మ దగ్గర ఎక్కు.
ఆపిల్ పెట్టె దాటాక ఒక్క స్టేషన్.
బాతు కనబడగానే దిగిపో."
ఫోన్లో ఎదువీహెస్ చెప్పిన చిరునామా అంతే.

అక్షరం ముక్క రాదామెకు.
మెక్సికో నగరం నేల కింద రైలు నడిచిన కొత్తలో
స్టేషనుకో బొమ్మ పెట్టారు, ఇలాంటివాళ్ల కోసమే.
అన్ని బోర్డులూ చదవగలిగిన నేను
రెండుసార్లు దారి తప్పి
తమాలీలు చల్లారాక చేరాను.

నీటి శాఖలో కొత్త కొలువు నాది.
ఇళ్ల గోడల్లో బీటలు కొలిచి
మిల్లీమీటర్లలో రాసుకుపోవాలి.
"కొలుద్దువులే, ముందు తిను" అంది.

చుట్టూ సిమెంటేగా, బాతేమిటిక్కడ? అన్నాను.
"మా అమ్మమ్మకు అమ్మమ్మ
నువ్వు కూర్చున్నచోటే, నడుంలోతు నీళ్లలో
వల పన్నేదట.
సరస్సును తోడి పారేశారు. బాతులు ఎగిరిపోయాయి.
పేటకింకా వాటి పేరుంది చూడు,
పేరుకు రెక్కల్లేక ఇక్కడే పడుంది."

నీరు పల్లమెరుగు అంటారు.
ఇక్కడ పల్లమే
పోయిన నీటిని వెతుక్కుంటూ
ఏటేటా కిందికి దిగుతోంది.

ఆమె వంటింట్లో గోళీ వదిలితే
గడప నుంచి పొయ్యి దాకా తనే పోతుంది.
కుండ కింద చెక్కముక్క,
మంచం కోళ్ల కింద రెండు ఇటుకలు.
వీటికి నా ఫారంలో గడులు లేవు.

అవతలి పెద్ద రోడ్డుకు ఇప్పుడు 'నడిమి ఇరుసు' అని పేరు.
ఆమె మాత్రం 'తప్పిపోయిన పిల్లాడి వీధి' అనే అంటుంది.
"బోర్డు మార్చారు గానీ
పిల్లాడు దొరికాడని ఎవరైనా చెప్పారా?"

ఇక ఆ బంగారు దేవదూత స్తంభం.
"మా ఉబాల్దో రాయి కొట్టాడక్కడ."
కట్టిననాడు తొమ్మిదే మెట్లు,
ఇప్పుడు ఇరవైమూడు.
పదిహేనేళ్లు నిండిన ఆడపిల్లలు
గౌను కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఎక్కి ఫొటోలు దిగుతారు.
ఎక్కుతున్నది ఊరు కుంగిన లోతునని
ఎవరూ వాళ్లకు చెప్పరు.
స్తంభానికి కాళ్లు లోతున ఉన్నాయి, కదలదు.
చుట్టూ వీధి జారినప్పుడల్లా
అడుగున ఇంకో మెట్టు.
"దేవదూత పైకి పోతోందా నాన్నా, అనేది మా పిల్ల.
లేదే తల్లీ, తనున్నచోటే ఉంది, అనేవాడాయన,
మనమే సెలవు తీసుకుంటున్నాం."

గోడ దగ్గరికి టార్చి పట్టుకొచ్చింది.
బీట పక్కన పెన్సిలు గీతలు, గీతకో బొమ్మ.
ఆయనకూ చదువు రాదుగా మరి.
చంటిపిల్ల జోడు: కూతురు పుట్టిన ఏడు.
విరిగిన కప్పు: భూకంపం.
పిల్లి. పిల్లి ఎందుకో ఆమెకూ గుర్తు లేదు.
అన్నిటికన్నా చివర, వణికిన గీతల్లో
ఒక ఉలి.
అది మాత్రం ఆమె గీసింది.
తర్వాత ఆరేళ్లుగా ఏమీ లేవు.

స్కేలు పెట్టాను. నలభై ఒకటి.
రాసుకున్నాను.
గూట్లోంచి పెన్సిలు ముక్క తీసి నా చేతిలో పెట్టింది.
"ఈ ఏటిది నువ్వు వెయ్యి."

గోడ ముందు చాలాసేపు నిలబడ్డాను.
నాకు అంకెలే వచ్చు.