ఎర్ర కుళాయి

జూన్ వస్తే దోహాలో
మేడ మీది ట్యాంకు ఉడికిపోయేది.
నీలం కుళాయి తిప్పితే చేతులు కాలేవి.
అందుకని వేసవంతా గీజరు కట్టేసి,
దాని కడుపులో రాత్రంతా చల్లారిన నీళ్లని
ఎర్ర కుళాయిలోంచి పట్టుకునేవాళ్లం.

మా ఇందుప్రియ అక్కడే పుట్టింది.
ఎరుపంటే చల్లన దానికి,
నీలమంటే జాగ్రత్త.

షిఫ్టు దిగొచ్చిన ధర్మారావు
బూట్లలో ఇసక బాల్కనీలో దులిపి
బకెట్లో రెండు ఐసు ముక్కలేసేవాడు,
పిల్ల నవ్వుతుందని.

కవిటి వచ్చి తొమ్మిదో రోజు.
కొబ్బరితోటలో బోరు వేస్తే
ఇందు దూరంగా నిలబడిపోయింది.
"దీనికి రంగు లేదేటి? కాల్తాదా?"
జెమ్మాలత్త పకపకా నవ్వి
దోసిలెడు మొహాన కొట్టింది.
కెవ్వున అరిచి, ఆగి,
మళ్లీ కొట్టమంది.

తాగబోతే మాత్రం
అత్త చెయ్యి అడ్డమొచ్చింది.
"వద్దే గుంటా. మీ సిన్నతాత ఈ నీళ్లే..."
మిగతాది మోటారు చప్పుడులో పోయింది.

గేటు దగ్గర ఆటో హారను.
ఇరవై లీటర్ల టిన్ను దించుతున్నారు.
ఆ నీళ్ల కుదుపు పిల్లకి బాగా తెలుసు.
తడి బట్టలతోనే పరిగెత్తింది
గుప్పిట్లో చిల్లరతో,
ఇప్పుడే ఇంటికొచ్చినట్టు.