మూడో నంబరు సీటు

నూనె మరకని రుద్దకూడదు.
ఈ మాట చెప్పినవాడు షెద్లీ,
స్ఫాక్స్ స్టాండు వెనక బళ్లు కడిగే షెద్లీ,
ముట్టించని సిగరెట్టు చెవి మీద పెట్టుకుని.
"రుద్దావా, దానికి దారి చూపించినట్టే.
స్పాంజిలోకి దిగుతుంది,
ఇక అద్దె కట్టకుండా కాపురముంటుంది."

నేనప్పటికే రుద్దేశాను.

నవంబరు. ఆలివ్ కాయలు దులిపే రోజులు.
గాబెస్ పోయే నా లువాజ్ బండి
ఎప్పట్లాగే ఎనిమిదో మనిషి ఎక్కాకే కదిలింది.
మూడో నంబరు సీట్లో మన్నూబియా.
ఒళ్లో ఐదు లీటర్ల నీళ్ల సీసా,
లోపల నీళ్లు కావు.
పదకొండు రోజులు చెట్ల కింద వంగి ఏరినందుకు
తోట యజమాని కొలిచి పోసిన కూలి.
పచ్చగా, చిక్కగా,
గొంతులో గరగరలాడే కొత్త నూనె.

మహ్రెస్ దగ్గర స్పీడు బ్రేకరు.
నేను చూళ్లేదు.
చూశాను గానీ నెమ్మదించలేదు.
మూత ఎగిరింది.

అద్దంలో చూసి అరిచాను, అయ్యో నా సీటు!
ఆవిడా అరిచింది.
ఆవిడ అరుపులో సీటు లేదు.

తలగుడ్డ లాగేసింది,
ఇంతమంది మగాళ్ల మధ్య నెరిసిన జుట్టు బయటపడితే పడనీ అని.
గుడ్డని నూనె మీద ఒత్తి
సీసా మూతి మీద పిండింది.
ఒత్తింది, పిండింది.
చుక్క.
ఇంకో చుక్క.
స్ఖీరా వచ్చేదాకా అదే పని.
పక్కన కూచున్న సైనికుడు సీసా కదలకుండా పట్టుకున్నాడు.

గాబెస్‌లో దిగేటప్పుడు
సీటు కడిగించాలి, పది దీనార్లన్నాను.
రుమాలు ముడి విప్పి ఆరు లెక్కపెట్టింది.
తీసుకున్నాను.
ఈ సంగతి దాచి మిగతా కథ చెబుదామనే
చాలాసార్లు అనుకున్నాను.

"ఒత్తాలి," అన్నాడు షెద్లీ ఆ రాత్రి,
పాత బనియను మడిచి అరచేత్తో అదుముతూ.
"గుడ్డ తాగినంత తాగనీ. గుడ్డ మార్చు. మళ్లీ ఒత్తు."
ఈ పద్ధతి నేను పొద్దునే చూశానని వాడికి చెప్పలేదు.
మంగలి దుకాణం నుంచి పౌడరు డబ్బా తెచ్చి
సీటు మీద మందంగా చల్లాడు.
రాత్రంతా బండి
పసిపిల్ల ఒళ్లులా వాసనేసింది.

తెల్లారి చూస్తే పౌడరు పసుపురంగు ఉండలు కట్టింది.
బ్రష్షుతో దులిపాం.
గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు.
"నీళ్లొద్దు, నురగ చాలు.
అంచు నుంచి లోపలికి రా.
నడిమి నుంచి మొదలెడితే మరకకి పొలం రాసిచ్చినట్టే."
తడిగుడ్డ, పొడిగుడ్డ.
తలుపులన్నీ బార్లా తీసి
సముద్రం గాలికి వదిలేశాం.

మధ్యాహ్నానికి మాయం.
సాయంత్రానికి మళ్లీ వచ్చింది,
కాస్త పాలిపోయి, కాస్త విశాలంగా,
ఊరెళ్లొచ్చిన మనిషిలా.
స్పాంజి ఆరేకొద్దీ అడుగున దాక్కున్నది
పైకి పాకుతుందట.
మళ్లీ పౌడరు. మళ్లీ నురగ.
మూడో రోజుకి ఓడిపోయింది.

అప్పుడు కనబడింది అసలు తంటా:
సీటు మధ్యలో గుండ్రంగా, పళ్లెమంత, నీలం.
ఈ బండి కొన్నప్పటి నీలం.
దాని చుట్టూ ఏడేళ్ల చెమట,
తలల జిడ్డు, బిస్కట్ల పొడి, నా బూడిద.
నా సీట్లు బూడిదరంగువని
నేను ఎవరితోనైనా పందెం కాసేవాణ్ణి.

ఇప్పుడు ఎక్కినవాళ్లంతా
ఆ నీలం మీద కూచోడానికి జంకుతారు.
"ఇక్కడేం పడింది?" అంటారు.
"శుభ్రం," అంటాడు షెద్లీ కిటికీలోంచి, నవ్వుతూ.
మొత్తం కడిగేద్దామంటాడు,
ఎనిమిది సీట్లకీ కలిపి బేరం చెబుతాడు.
వచ్చే వారం అంటాను.

ఆరు దీనార్లూ యాష్‌ట్రేలోనే ఉన్నాయి.
కోతలప్పుడు స్టాండులో తలగుడ్డలు వెతుకుతాను.
ఆ రంగేమిటో గుర్తులేదు,
తడిసి ఉండటమే గుర్తు.

ఎండ ముదిరి అద్దాలు మూసినప్పుడు
మూడో నంబరు నుంచి సన్నగా వాసన లేస్తుంది.
ఎవరూ పైకేమీ అనరు.
మహ్రెస్ రాకముందే
వెనకెవరో సంచి విప్పి
రొట్టె తుంచుతున్న చప్పుడు.