ఈపు

ముప్పై ఏళ్ళుగా మూడు లాంతర్ల దగ్గర స్టూడియో నాది.
పాస్‌పోర్టులు, పెళ్ళిళ్ళు, బోర్లాపడ్డ పిల్లలు,
మొలతాడు తప్ప ఏమీ లేకుండా, పరుపు మీద తల ఎత్తి.
వాళ్ళ అమ్మలే విప్పి పడుకోబెట్టేవారు.
పెద్ద సైజు కడిగిస్తే ఫ్రేము ఉచితం.

ఇంకో పని కూడా ఉండేది, బోర్డు మీద రాయనిది.
తెల్లారకుండానే కానిస్టేబుల్ వచ్చి షట్టరు కొట్టేవాడు.
చంపావతి ఇసుకలో ఒకామె,
పట్టాల పక్కన పేరు తెలియని ఒకతను.
గుడ్డ తీసి, గాయం కొలిచి, నాలుగు వైపుల నుంచీ.
కాపీకి నలభై, మూడు కాపీలు.
ఆ బొమ్మలు అందరూ చూశారు,
రైటరూ, డాక్టరూ, కోర్టు గుమాస్తా, టీ తెచ్చిన కుర్రాడూ.
ఇది బూతు అని ఒక్కరూ అనలేదు.
కళ అని కూడా అనలేదు.
నేనైతే వెలుతురు మాత్రం చూసుకున్నాను.

అందుకేనేమో, బతికున్న ఒంటినొకదాన్ని
తీరిగ్గా చూడాలనిపించింది, కళ్ళు పూర్తిగా మసకబారేలోగా.

సూరమ్మ. నెల్లిమర్ల జూట్ మిల్లులో ఇరవయ్యారేళ్ళు.
ఉత్తరపు కిటికీ దగ్గర స్టూలు వేశాను.
రవిక తీసి అటు తిరిగి కూర్చుంది,
బస్సు కోసం కూర్చున్నట్టు.
మెడ కింద జనుము నూగు గీసిన గీతలు,
ఎడమ భుజం కుడిదానికంటే అంగుళం కిందికి,
బాబిన్ల బుట్ట అక్కడే మోసేదట.
వెన్నెముక, నీళ్ళింకిన గెడ్డ దారి.
"అయిపోనాదా బాబూ?"
"ఇంకొక్కటి."
ఆ ఇంకొక్కటే ఈ గొడవంతా.

కోట దగ్గర అద్దె హాల్లో పదకొండు బొమ్మలు పెట్టాను.
పదింటిని చూసి ఎవరూ ఏమీ అనలేదు.
పదకొండోదాని ముందు కుర్చీలు వేసుకున్నారు.
ప్లీడరుగారు సెక్షన్లు చదివారు.
ఒకాయన ముఖలింగం శిల్పాలు తెచ్చాడు,
రాతికి లేని సిగ్గు కాగితానికెందుకని.
చప్పట్లు పడ్డాయి. నేనూ కొట్టాను, నా వైపు మాట కదా.
మధ్యాహ్నానికి ఎవరో దానిమీద తువ్వాలు కప్పారు.
అప్పుడది నిజంగానే బూతులా కనబడింది.

చివర్లో ఎవరో డిగ్రీ చదివే పిల్ల లేచింది,
వెనక వరసలోంచి, గొంతు పెంచకుండానే:
"మీ ఇంట్లో వీపులు లేవా అండీ?
మిల్లు లాకౌటయ్యాక దొరికే వీపే కావాల్సొచ్చిందా?
ఎంతిచ్చారు?"

ఐదు వందలు.
చెప్పలేదు. నీడల గురించి ఏదో చెప్పాను.

మూడోరోజు సూరమ్మే వచ్చింది, షేర్ ఆటోలో, మనవరాలితో.
తువ్వాలు లాగి కుర్చీ మీద పడేసింది.
చాలాసేపు చూసి, అద్దం మీద వేలు పెట్టి,
"నా ఈపు నానెప్పుడు సూసుకున్నాను?
అచ్చం మాయమ్మ ఈపే.
సిన్నప్పుడు నుయ్యికాడ నీల్లు పోసి రుద్దేదాన్ని."
తర్వాత నా వైపు తిరిగి,
"సదువుకున్నోలు ఇన్ని దినాలు దీనికా కొట్టుకున్నారు?"
అని నవ్వింది. నవ్వులో కొంచెం కోపం ఉంది,
ఎవరి మీదో నేను అడగలేదు.
కాపీ ఇస్తే పేపర్లో చుట్టమంది.
"గోడకి కాదు. ట్రంకుపెట్టిలోకి."

హాలు తాళం ఇచ్చేసిన రాత్రి, స్టూడియోలో
అదే స్టూలు, అదే కిటికీ, వీధి దీపం వెలుతురు.
చాలదు, షట్టరు ఎక్కువసేపు తెరిచే ఉంచాలి.
చొక్కా, బనీను, చివరికి పంచె.
టైమరు పది సెకన్లు.

ఎర్ర దీపం కింద ట్రేలో నెమ్మదిగా తేలాను.
అరవై రెండేళ్ళ వీపు, పుట్టుమచ్చ, నడుము మడత,
అన్నీ నిలకడగా ఉన్నాయి.
చెయ్యి ఒక్కటే కదిలిపోయింది,
కింద పడున్న పంచె వైపు.

తీగకి క్లిప్పు పెట్టి ఆరేశాను.
ఇంకా నీళ్ళు కారుతున్నాయి.
ఆ పిల్ల ఏ కాలేజీయో ఎవరినైనా అడగాలి.